పర్లేదు ఎంత బరువు

కొత్త వస్తువులు దుకాణాలకు వెళ్లకముందు ఆ కంపెనీ వాటిని కొన్ని ఇళ్లకు ఊరికే ఇచ్చి, నెల రోజులు వాడి ఎలా ఉందో చెప్పమనేది. వాళ్లు చెప్పింది కార్డుల మీద రాసుకొచ్చే ఆవిడని ఆఫీసులో అందరూ కార్డులమ్మ అనేవారు. పొద్దున తొమ్మిదింటికల్లా వచ్చి కార్డులు సర్దుకోవడంతో ఆమె పని మొదలయ్యేది.

బరువైనవి కింది అరలో పెట్టేది. మనిషి మనసులో ఉంచుకుని చెప్పనిదెంతో కార్డు అంత బరువుండేది మరి. నోరారా తిట్టినవాళ్లవి ఫ్యాను గాలికే ఎగిరేవి. మొహమాటానికి మెచ్చుకున్నవాళ్లవి ఇటుకల్లా ఉండేవి. ఒకసారి మిక్సీ గురించి ఓ మొగుడు, పక్కనే పెళ్లాం నిలబడి ఉండగా ఇచ్చిన అభిప్రాయాన్ని మోయడానికి ఇద్దరు అటెండర్లు కావాల్సొచ్చింది. కార్డులమ్మ మనిషి చూస్తే పుల్లలా ఉంటుంది, అయినా ఆమె కుర్చీ ఏడాదికోసారి కుంగిపోయేది. అటెండరు మారు మాట్లాడకుండా ఇంకోటి తెచ్చి వేసేవాడు.

కార్డు మీద గళ్లు రెండే. బాగుంది, బాగాలేదు. జనమేమో రెండూ అనరు, పర్లేదంటారు. పర్లేదంటే బాగుందనే టిక్కు పెట్టాలని మేనేజరు గారి ఆజ్ఞ. కార్డులమ్మ ఎనిమిదేళ్లుగా అలాగే పెడుతోంది. నోరు మూసుకుంటేనే నాలుగు వేళ్లూ నోట్లోకి వెళ్తాయని ఆమె నమ్మకం.

ఈసారి వచ్చింది మాట వినే గీజరు. చేతి షవరు పట్టుకుని నోటితో చెబితే చాలు, నీళ్లు కాచి పోస్తుంది. మధ్యలో "ఇంకాస్త కాచనా?" అని మర్యాదగా అడుగుతుంది కూడా. దానికి జనం మాటలు నేర్పింది ఈ ఆఫీసు పాత కార్డులతోనే. నలభై ఇళ్లకిస్తే ముప్పై ఆరిళ్లు పర్లేదన్నాయి. మధ్యాహ్నం పన్నెండింటికి మేనేజరు సంతకం పెడితే లారీలు కదులుతాయి.

కార్డులమ్మ పట్టుబట్టి తన అక్క ఇంటికీ ఒకటి ఇప్పించింది. ఏడు నెలల పాపకు నీళ్లు పోసే అవస్థ తప్పుతుందని ఆశ. కార్డు రాయడానికి వెళ్తే అక్క గుమ్మంలోనే నిలబడి, పొడుగు చేతుల జాకెట్టు సర్దుకుంటూ "పర్లేదే" అంది. తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు బరువుకి సంచి పట్టీ తెగింది. అక్క దాచుకున్నది అత్తగారి మీద కోపమేమో లెమ్మని కార్డులమ్మ సరిపెట్టుకుంది.

దాచినకొద్దీ బరువు పెరిగిన ఆ కార్డే ఇప్పుడు ఆమె చేతిలోంచి జారి సంతకానికి పెట్టిన ఫైలు మీద పడింది. బల్ల మూలిగింది. మేనేజరు వచ్చి ఫైలు లాగారు. రాలేదు.

"ఈ కార్డు తియ్యమ్మా."

"కదలట్లేదండీ."

అటెండరు గడ్డపార తెచ్చి కార్డు అంచు కింద దూర్చాడు. గడ్డపార వంగింది.

"ఎవరిదిది?"

"మా అక్కదండీ."

"ఫోన్ చేసి కడుపులో ఉన్నదేదో కక్కించు. పదకొండున్నరైంది."

కార్డులమ్మ ఫోను స్పీకర్లో పెట్టింది.

"అక్కా, ఆ గీజరు ఎలా ఉంది? నిజం చెప్పు."

"చెప్పాగా, పర్లేదని."

బల్ల కాలొకటి పటుక్కుమంది.

"నా మీద ఒట్టు. చెప్పవే."

"ఏముంది, ఓ రోజు చెయ్యి కాస్త చురుక్కుమంది. నాకే వాడటం రాలేదేమో. నువ్వు ఇప్పించిన వస్తువు, బాగాలేదంటే నీ ఉద్యోగానికి ఎసరు పెట్టినట్టవదూ?"

అవతల నీళ్ల చప్పుడు. పాప కేరింతలు.

"పాపకెవరు పోస్తున్నారు?"

"అత్తయ్య. ఇవాళ తనే పోస్తానన్నారు."

ఆ వెనకనుంచే గీజరు గొంతు సన్నగా వినిపించింది. "ఇంకాస్త కాచనా?"

"పర్లేదు నాయనా," అంది అత్తగారు.

కార్డులమ్మ ఫోను మీదికి వంగింది. వడ్డించేటప్పుడు పర్లేదంటే ఇక చాలని. ఆ ముక్క ఎవరికి తెలియదు? గీజరుకు తెలియదు. అది నేర్చుకుంది ఆమె పెట్టిన టిక్కులు చూసి. వాటిలో పర్లేదంటే బాగుంది, కానివ్వమని.

"అక్కా! పాపను లాగెయ్! అది ఆపదు, ఇంకా కాస్తుంది!"

ఫోను నేలకు తగిలిన చప్పుడు. పరుగు. తర్వాత అత్తగారి ముందు ఏనాడూ గొంతెత్తని అక్క గొంతు. "ఆపండి అత్తయ్యా! కాలిపోద్ది! నా చెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది, ఎవరికీ చెప్పలేదు. దాని దగ్గరికెళ్లాలంటేనే నాకు భయం!"

పాప ఏడుపు. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

కార్డు అంచు కదిలింది. లేచి, ఫ్యాను గాలికి గిరగిరా తిరిగి కిటికీలోంచి వెళ్లిపోయింది.

"పాపకేం కాలేదే," అక్క రొప్పుతోంది. "హడలి ఏడ్చిందంతే. నీళ్లు నేల మీద పడ్డాయి. ఇంకా పొగలొస్తున్నాయి."

ఫైలుకిప్పుడు అడ్డేమీ లేదు. మేనేజరు ఫైలు వంకా గడియారం వంకా చూశారు. "మిగతా ముప్పై అయిదూ బాగున్నట్టేగా?" అని నసిగారు.

కార్డులమ్మ ఫైలు మీద చెయ్యి పెట్టింది.

"కాదండీ. బాగుందని వాళ్లెవరూ అనలేదు, నేను రాశాను. అందరికీ మళ్లీ ఫోన్లు చేస్తాను. అందాకా సంతకం వద్దు."

ఆయన ఆ చేతి వైపు చూసి, పెన్నుకు మూత పెట్టి, లారీలు ఆపమని చెప్పడానికి కిందికి వెళ్లారు.

అక్క ఇంకా లైన్లోనే ఉంది. "మరి నీ ఉద్యోగమో?"

పర్లేదులే అనబోయింది. దవడ బండలా బరువెక్కి మాట రాలేదు.

"పోతుందేమో అక్కా. చాలా భయంగా ఉంది."

అని, మొదటి ఇంటి నంబరు వెతకడానికి లేచింది. వెనక కుంగి ఉన్న కుర్చీ మెల్లగా పైకి లేచి సమంగా నిలబడింది.