సారు పెన్సిల్ మొన

పంజాగుట్టలోని హనుమత్ప్రసాద్ గారి ఆఫీసులో శివరాములు ఇరవై ఎనిమిదేళ్లు పెన్సిళ్లు చెక్కాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. టీ తెచ్చేవాడు, కాగితాలు మోసేవాడు. కానీ బ్లేడుతో పొడుగ్గా చెక్కి, గరుకు కాగితం మీద తిప్పి మొన తీయడం మాత్రం ఇంకెవరికీ చేతకాదని సారే అనేవారు. నగరంలో ఎన్నో పెద్ద భవనాలు ఆ మొనల్లోంచే లేచాయి. పేపర్లో ఫొటో ఆ పెద్ద ఆర్కిటెక్టుది, వేళ్లమీద నలుపు ఇతనిది.

ఆసుపత్రికి వెళ్లే రోజు సారు ఒక పెన్సిల్ చేతికిచ్చి, "ఇది చెక్కి ఉంచు రాములూ. రేపొచ్చి ఆ మెట్ల బొమ్మ పూర్తి చేస్తా" అన్నారు.

రాలేదు. నాలుగు నెలలుగా ఆ పెన్సిల్ అమీర్‌పేటలో, శివరాములు ఇంట్లో దేవుడి పటం వెనకే ఉంది. బ్లేడు పట్టుకున్నప్పుడల్లా, ఎవరికోసమని చెయ్యి ఆగిపోయేది.

నిన్న సారు కూతురు ఛాయాదేవి ఫోన్ చేసింది. "ఎల్లుండి సోమాజిగూడలో నాన్నగారు గీసిన బొమ్మలన్నీ ప్రదర్శనకి పెడుతున్నాం. ఆయన ఆఖరి పెన్సిల్ మీ దగ్గరుందట కదా శివరాములు గారూ, రేపు తెచ్చివ్వండి."

నలుగురి ముందు సారుది మొద్దు పెన్సిలా? శివరాములుకు తల కొట్టేసినట్టయింది. మైత్రీవనం దగ్గర ఎవరో చేతిలో పెట్టిన కోచింగ్ పాంప్లెట్టు ఒకటి ఉంది. మూడు నెలల్లో కంప్యూటర్‌లో ఇళ్లు గీయడం నేర్పుతారట. పొద్దున్నే దాన్ని నేలమీద పరిచి, పొట్టు అందులో పడేలా పెన్సిల్ చెక్కాడు. అంత చక్కటి మొన ఎన్నడూ తీయలేదు.

"మీ సారొచ్చి గీస్తడా గిప్పుడు?" అంది భార్య కాంతవ్వ.

"చెక్కుమన్నడు. చెక్కిన."

అతను తీసుకెళ్లిచ్చిన పెన్సిల్ అందుకుని ఛాయాదేవి మొనని వెలుతురుకి తిప్పి చూసింది.

"చెక్కేశారా?"

"సారే చెప్పిండమ్మా."

"నాన్న చెయ్యి పక్కకి వాలేది కదండీ. మొన ఒకవైపే అరిగేది. ఆ అరుగుదల కోసమే అడిగాను. ఆయన చెయ్యి ఆఖరిసారి ఆగింది అక్కడే."

శివరాములుకు తెలియనిదా? సాయంత్రం మొన చూసి, ఆ రోజు సారు గోడలు గీశారో చెట్లు గీశారో చెప్పగలిగినవాడు. ఇరవై ఎనిమిదేళ్లూ తను రోజూ చెక్కి పారేసింది ఆ చెయ్యినే అని ఇప్పుడు తట్టింది.

రొప్పుకుంటూ ఇంటికొచ్చాడు.

"గా కాయితం ఏదే?"

"పెన్సిలు పొట్టా? చెత్తబండిల ఏసిన. బండి పోయి మస్తు సేపైంది. ఏం కొంప మునిగింది?"

శివరాములు గడప మీద కూలబడ్డాడు. బొటనవేలికి ఇంకా కాస్త నలుపు అంటుకుని ఉంది.

"చేతులు కడుక్కో, తిందువు" అని కాంతవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది.

అతను పిడికిలి బిగించుకున్నాడు.