మంజూష చొక్కా

ముదురు పచ్చ బట్ట కుట్టనని నేనూ ఒప్పుకున్నాను. ఎనభై తొమ్మిదిలో కోరుట్లలో కుట్టుమిషన్ ఉన్న ప్రతివాళ్లూ ఒప్పుకున్నారు. క్యాంపు పోలీసులు దర్జీలందరినీ పిలిచి వరసగా కూచోబెట్టి చెప్పారు. ఆ రంగు బట్ట, రెండు జేబుల చొక్కా ఎవరడిగినా కుట్టొద్దు, అడిగినవాళ్ల పేరు వచ్చి చెప్పాలి అని. అడవిలో అన్నలు వేసుకునేది ఆ రంగే కదా. పదకొండు మంది మగ దర్జీలు తలూపారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే, నేనూ ఊపాను. తర్వాత ఆ తలను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఆ మాట తప్పేలా చేసింది తార. హనుమంత రావు బిడ్డ. మల్లాపూర్ దగ్గరి పల్లెలో వాళ్లది దొరల గడి. అన్నల భయానికి ఆయన గడికి తాళం వేసి కోరుట్లలో అద్దెకు దిగాడు. మా అయ్య వాళ్ల తాళ్లెక్కి కల్లు గీసినవాడు. ఆ ఊళ్లోనే ఉంటే తార నా గడప తొక్కేదే కాదు. ఇక్కడ మాత్రం గురువారం వస్తే చాలు, ఇద్దరం ఒకే బల్ల మీద కూచుని ఒకే వారపత్రికలోకి తలలు దూర్చేవాళ్లం.

అందులో 'పదమూడో నౌక' అని బొమ్మల సీరియల్ వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ, దాన్ని నడిపే మంజూష. మంజూషకు ఒక కాలు ఇనుపది. ఓడలో పొట్టివాళ్లున్నారు, లావువాళ్లున్నారు, కళ్లు లేనాయన ఒకడున్నాడు. అందరిదీ ఒకటే రకం చొక్కా, కానీ ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకు కుట్టింది. భుజం మీద సున్నా, అందులో చుక్క. నవ్వకండి. ఏ గ్రహం మీద ఎన్ని చందమామలు ఉదయిస్తాయో మాకు నోటికి వచ్చు. "పిచ్చి లేసిందా మీకు?" అనేవాడు మా ఇంటాయన. లేసింది, అయితే ఏంటట?

తార ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడింది. తొడ దాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద బరువైన బూటు. అది కనబడకుండా వాళ్లమ్మ నేలకు జీరాడే లంగాలు కుట్టించేది. కిందటేడు జగిత్యాలలో కాలేజీ మెట్లెక్కుతుంటే ఆ లంగా కడ్డీల్లో ఇరుక్కుంది. తొమ్మిదో మెట్టు నుంచి కిందికి దొర్లింది. ఫిజిక్స్ క్లాసు పై అంతస్తులో. అప్పటినుంచి ఇంట్లోనే ఉంది. ఈ ఏడైనా రాకపోతే పేరు కొట్టేస్తామని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది.

"లక్ష్మక్కా, నాకు మంజూష డ్రెస్ కుట్టవా?" అంటూ అట్టమీది బొమ్మ చూపించింది. పుస్తకం లోపలంతా నలుపూ తెలుపే. రంగు తెలిసేది ఆ ఒక్క అట్ట మీదే. అదేమో ముదురు పచ్చ.

"నీలం కుడ్త తియ్. మెరూన్ కుడ్త. పచ్చది మాత్రం నాతోని గాదు."

"రంగు మారిస్తే గది మంజూషది ఎట్లయితదక్కా?"

నిజమే కదా. నాకు మాత్రం తెలీదా? సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే పరశురాములు మా ఇంటాయన దోస్తు. అట్ట చింపి ఆయన చేతికిచ్చి, సరిగ్గా ఇదే రంగు కావాలన్నాను. అట్టకూ బట్టకూ తేడా తెలియకుండా అద్దించి పంపాడు.

నాలుగు రోజులు కుట్టాను. మోకాళ్ల దాకా చొక్కా, రెండు లోతైన జేబులు. పైజామాకు ఎడమ పక్క కుట్టు లేకుండా తొడ నుంచి మడమ దాకా పద్నాలుగు గుండీలు. కూచున్న చోటే పట్టీలు బిగించుకుని, పైన గుండీలు పెట్టుకోవచ్చు. బట్ట ఎక్కడా ఇనుములో ఇరుక్కోదు. చుక్క మాత్రం చేత్తో కుట్టాను.

అవి వేసుకుని కాలేజీకి పోయిన మొదటి రోజే మెట్లెక్కింది. తిరుగు బస్సులో చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆమెను దింపారు. ఎవరి బిడ్డో తెలిసి వదిలేశారు గానీ, కుట్టిందెవరని అడిగారు. తార చెప్పలేదు. కోరుట్లలో ఆడపిల్లకు కొలతలు తీసేది నేను కాక ఇంకెవరు?

మర్నాడు జీపు నా కొట్టు ముందు ఆగింది. ఎస్సై దిగాడు. హనుమంత రావునూ, అవే బట్టల్లో తారనూ ముందే అక్కడికి పిలిపించాడు.

"ఏమమ్మా, ఆనాడు తలూపినవు గద? గీ పచ్చ బట్టేంది? గీ చుక్కేంది?"

"గిది బొమ్మల పుస్తకంలది సార్," అని పుస్తకం ముందు పెట్టాను. కట్టెతో పక్కకు నెట్టాడు. పుస్తకాన్ని కట్టెతో నెట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"గంత లోతు జేబులెందుకు? పక్కపొంటి గుండీలెందుకు? లోపల ఏం దాస్తున్నరు?"

హనుమంత రావు చేతులు జోడించాడు. గడిలో ఆయన ముందు ఎంతమంది అట్లా నిలబడ్డారో నేనెరుగుదును. అయినా చూడలేకపోయాను.

"ఇంటికి పోంగనే కాలబెడ్త సార్. సదువు గిదువు ఏం వద్దు. ఇంట్లనే ఉంటది."

అదీ సంగతి. ఆ బట్ట కాలితే తారకు మెట్లు లేవు, చదువు లేదు. నా నోరు ఆగలేదు.

"ఎర్రది కుడితే పార్టీదంటరు. పచ్చది కుడితే అన్నలదంటరు. ఖాకీ మీదాయె. ఇనుప కడ్డీల కాలుతోని పిల్ల మెట్లెక్కాలంటే ఏ రంగు కుట్టాల్నో మీరే చెప్పున్రి సార్!"

 

అప్పుడు తార నా స్టూలు లాక్కుని కూచుంది. కాలు ముందుకు చాచి గుండీలు విప్పడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పద్నాలుగూ విప్పింది. ఊహ తెలిసినప్పటి నుంచి పరాయివాళ్ల కంట పడనీయని కాలు అది. సన్నటి పిక్క, కడ్డీలు, చెమటకు నల్లబడ్డ పట్టీలు, అంతా నడిబజారులో పెట్టింది.

"లోపల ఏం దాస్తున్ననని అడిగిన్రు గద సార్. గిదే. మంచిగ చూడున్రి."

"తారా!" అన్నాడు తండ్రి. ఆమె కప్పుకోలేదు. ఎస్సై మొహం తిప్పుకున్నాడు.

"సరే, బట్ట ఉంచుకో," అన్నాడు. "గా చుక్క మాత్రం ఇప్పుడే, నా ముందల్నే తీసెయ్యాలె."

నేను బ్లేడు తీశాను. నిజం చెప్తున్నా, తీసేద్దామనే అనుకున్నాను. మెట్లు దక్కాయి, చుక్కదేముంది? తార నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకక్కా. చుక్క లేకుంటే గిది ఉత్త కుంటిదాని బట్ట."

ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బ్లేడు బల్ల మీద పెట్టేశాను.

"అయితే మిషన్ బండిల ఎయ్యున్రి," అన్నాడు ఎస్సై. పన్నెండేళ్లుగా నా కాళ్ల కింద తిరిగిన మిషన్. ఇద్దరు కానిస్టేబుళ్లు ఎత్తుకుపోతుంటే నేను ఏడవలేదు. ఏడిస్తే వాళ్లు గెలిచినట్టవుతుంది.

తండ్రి ఎక్కడ కాలబెడతాడోనని తార రెండు రోజులు ఆ బట్టలు ఒంటి మీద నుంచి తీయనేలేదు. ఆదివారం పొద్దున నేను గడపలో కూచుని, నా జాకెట్ చేతి మీద కూడా సున్నా, అందులో చుక్క కుట్టుకున్నాను. సోమవారం ఇద్దరం జగిత్యాల బస్సెక్కాం.

ఈ గొడవలో గురువారం పుస్తకం కొననే లేదు. బస్టాండులో కొని బస్సులో విప్పాం. ఉత్తరాల పేజీ అడుగున సంపాదకుడి మాట ఒకటుంది. మంజూష చొక్కా నీలం రంగుదట. అట్ట మీద పచ్చగా రావడం ప్రెస్సులో జరిగిన పొరపాటట. చింతిస్తున్నారట.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత కండక్టర్ వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వాం. నవ్వు ఆగాక నాకు మిషన్ గుర్తొచ్చింది.

"తారా, గిది పోలీసోళ్లకు చూపిద్దాం. పొరపాటైంది, నీలంల కుడ్తమని చెప్దాం. మిషన్ గూడ ఇస్తరు."

తార పుస్తకం మడిచి, దాని మీద కూచుంది. "మంజూషది నీలమైతే కానియ్. మనది పచ్చనే."

చెక్‌పోస్టు దగ్గర, నా మిషన్ ఎత్తుకుపోయిన కానిస్టేబుళ్లలో ఒకడు బస్సెక్కాడు. తార భుజం చూశాడు. నా చెయ్యి చూశాడు.

"ఇద్దరా?"

"ఇద్దరం," అన్నాను. "నీకు గూడ కావాల్నా? కొలతలు తీస్కుంటగని, మిషన్ మీ దగ్గర్నే ఉన్నది."

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన సీట్ల మధ్య దారిలోకి చాచిన తార కాలు దాటుకుని దిగిపోయాడు. 

కాలేజీ మెట్లు ఇరవై రెండు. తార గోడ పట్టుకోలేదు. తొమ్మిదో మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. పైకి చేరాక వెనక్కి తిరిగి, "పుస్తకం నీ దగ్గర్నే ఉంచు, వచ్చినంక సదువుదాం," అని అరిచి క్లాసులోకి పోయింది. నేను కింద నిలబడి కొంగుతో మొహం తుడుచుకున్నాను.

అప్పుడొక పిల్ల నా దగ్గరికొచ్చింది. బాగా లావు మనిషి, ఓణీతో ఒళ్లంతా చుట్టుకుని ఉంది. నా చేతి మీది చుక్కను చూసింది, నా చంకలోని పుస్తకం చూసింది.

"అక్కా, మీరు గూడ పదమూడో నౌక సదువుతరా? గా చొక్కా... నా ఒంటికి గూడ అయితదా?"

"ఎందుక్కాదు? నీ ఒంటికి తగ్గట్టే కుడ్త. మిషన్ లేదు, చేత్తోని కుట్టాలె, నాలుగు రోజులు ఎక్కువ పడ్తది. ఏ రంగుల కావాలె?"

ఆ పిల్ల మెట్ల పైకి, తార పోయిన వైపు చూసింది.

"గదే. పచ్చ."

నేను సంచిలోంచి టేపు తీశాను.