బూదవ్వ ఒళ్లో చాట

నేను ఒక బీడీల చాటను. ఊరు తిరగడం నా జాతకంలోనే లేదు. అంగట్లో మేదరామె వెదురు చీల్చి నన్ను అల్లుతున్నప్పుడు, వడ్లు చెరుగుతానని, నాలుగిళ్లు తిరుగుతానని ఆశపడ్డాను. ఎక్కడ! మెట్‌పల్లి బూదవ్వ వచ్చి, నా అంచు గోటితో కొట్టి చూసి, బేరమాడి తీసుకుపోయి ఒళ్లో పెట్టుకుంది. అంతే, పొద్దున్నుంచి పొద్దూకేదాకా ఆ ఒడే నా ఊరు. నాలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. మీద ఆమె చేతులు, వెనక ఆమె పొట్ట.

ఒక ఆడమనిషి పొట్టకు ఆనుకుని బతికితే ఏమేం తెలుస్తాయో మీరెరగరు. ఆమె నవ్వితే ఊగుతాను. నొప్పి వస్తే ఆమె మోకాళ్లు ముడుచుకుంటాయి, నేను ఒక పక్కకు ఒరుగుతాను. చేతులు మాత్రం బీడీలు చుడుతూనే ఉంటాయి, నోరు పక్కింటి పోశవ్వతో ముచ్చట్లాడుతూనే ఉంటుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నెలసరి వచ్చిన ఆడది చాటతో సహా బయట అరుగు మీద కూర్చోవాలి. వీధిలో పోయే ప్రతివాడికీ సంగతి తెలిసిపోయేది. దాచుకోవలసినదాన్ని అరుగెక్కిస్తారు, చెప్పుకోవలసినదాన్ని కడుపులో దాచుకుంటారు, అదేం సిగ్గో! బూదవ్వకు ముట్టు ఆగిపోయినప్పుడు అరుగు పీడ వదిలిందని పోశవ్వకు చాయ్ పోసి మరీ చెప్పుకుంది. అప్పటినుంచి మా చోటు నడింట్లో, దేవుని గూటి పక్కన.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఒక ఎండాకాలం బూదవ్వ మాటిమాటికీ నన్ను దించి పెరట్లోకి పోవడం మొదలుపెట్టింది. ఆగిపోయిన రక్తం మళ్లీ కనబడుతోంది. పోశవ్వ చెవిలో వేస్తే ఆమె తేలిగ్గా తేల్చేసింది. తంబాకు ఘాటుకు ఒంట్లో వేడి చేసిందట, సబ్జా నీళ్లు తాగితే చల్లబడుతుందట. మా వాడలో ఏ ఆడదానికి ఏమొచ్చినా తంబాకు వేడే. తెల్లబట్ట అయినా వేడే, మూత్రంలో మంటయినా వేడే, గర్భసంచిలో గడ్డ పెరిగినా వేడే. బూదవ్వ సబ్జా నీళ్లు తాగింది, మజ్జిగ తాగింది. రక్తం ఆగలేదు.

నాకు ఒళ్లు మండిపోయేది. చెప్పవే తల్లీ, ఇంట్లో కోడలుంది, చెప్పు అని నా పుల్లలన్నీ కిర్రుమనేవి. చెబితే మళ్లీ అరుగెక్కాలి, ఈ వయసులో ఇదేమిటని వాడంతా నవ్వుతుంది. ఆ భయంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటోంది.

ఒకరోజు ఆమె లేచేసరికి కింద పరుచుకున్న గోనె తడిసి ఉంది. కోడలు రవళి చూసింది.

"ఎన్నొద్దుల సంది, అత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డా. వేడి."

"ఆగిపోయినంక మల్ల కనవడితె వేడి కాదంట, ఆశా వర్కరక్క చెప్పింది. నువ్వు దవఖానకు రాకుంటె వాడల అందరికి చెప్త."

ఆ బెదిరింపు పనిచేసింది. రవళి మొగుడు మహారాష్ట్రలో, భివండి మగ్గాల మీద పనిలో ఉన్నాడు, అందుకని అత్తాకోడళ్లిద్దరే బస్సెక్కారు. నన్ను గోడకు ఆనించి పోయారు. ఎలుక నా అంచు కొరికింది, నేను పట్టించుకోలేదు. నాకు ఒక్కటే ధ్యాస, బూదవ్వ వస్తుందా, రాదా. పోశవ్వ తాళం తీసి దీపం పెడుతూ దేవుడికి చెప్పుకునేది. ముక్క తీసి పరీక్షకు పంపారట, గర్భసంచిలో క్యాన్సరట, ముదరకముందే దొరికిందట, ఆపరేషన్ చేసి సంచి తీసేశారట. చెబుతూ చెబుతూ ఏడ్చేది.

బూదవ్వ బతికి వచ్చింది. పొట్ట మీద కుట్లు, బరువు పెట్టొద్దన్నారు. అందుకని నేను రవళి ఒళ్లోకి మారాను. చురుకైన చేతులు, సంబరపడ్డాను. ఆ పిల్ల అరుగెక్కిన నాడు తెలిసింది అసలు సంగతి. మోకాళ్లు ముడుచుకోవడం కాదు, నన్ను పొట్టకేసి అదుముకుంటోంది. పెదవి కొరుక్కుంటూ బీడీ చుడుతోంది. అత్త రోగాన్ని వాడంతా చాటిస్తానన్న పిల్ల, తన నొప్పి దగ్గరికి వచ్చేసరికి నోరు కుట్టేసుకుంది. మనుషుల తెలివి ఇట్లా ఉంటుంది.

బూదవ్వ మంచం మీంచి ఆమెనే చూస్తోంది. మెల్లగా లేచి, గోడ పట్టుకుని బయటికి వచ్చి అరుగు మీద పక్కనే కూర్చుంది. ఎదురింటి మగవాళ్లు చాయ్ తాగుతున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"రక్తం బాగ పోతున్నదా, రవళీ?"

రవళి కత్తెర నాలో పడేసింది. తర్వాత ఏడ్చింది. పెళ్లికి ముందునుంచీ నెలనెలా ఇదే నరకమని, గడ్డలు గడ్డలుగా పోతుందని, పెళ్లయితే అదే తగ్గుతుందని తల్లి అన్నదని ఏడుస్తూనే చెప్పింది. బూదవ్వ కుట్ల పొట్టతోనే వంగి నన్ను ఆమె ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"లెవ్వు. దవఖానకు పోదాం."

"ఆకు తడిపి పెట్టిన అత్తమ్మా. ఎండిపోతది."

"ఎండితె ఎండనియ్."

ఒకరినొకరు పట్టుకుని ఇద్దరూ వీధిలోకి నడిచారు. పొద్దెక్కేకొద్దీ నాలోని ఆకులు ఎండి గలగలమన్నాయి, చుట్టడానికి పనికిరాకుండా పోయాయి. ఏ చాటకైనా అది దండగ పూటే. నేను మాత్రం వాళ్లు తిరిగివచ్చేదాకా వీధి వైపే చూస్తూ ఉన్నాను.