మూడో స్తంభాన్ని పడగొట్టినవాడు

మా నాయన బాలస్వామిని పూడ్చిన పదో రోజున చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. అందులో నేను చదవాల్సిన కాగితాన్ని మా పాస్టరు అయ్యగారు తానే రాసి, పొద్దున్నే తెచ్చి నా చేతికిచ్చాడు. లేవి అయిదో తరగతిలోనే బడి మానినవాడు, వాడేం రాస్తాడులే అనుకున్నాడేమో. రాయడం సంగతి సరే, చదవడం నాకు వచ్చు. అయ్యగారి ముందే చదువుకున్నాను.

మొదట్లో అంతా బాగానే ఉంది. బాలస్వామి కడప, కర్నూలు జిల్లాల్లో ఏడు వంతెనలు కట్టించిన ఇంజినీరు, భక్తిపరుడు, ఆలుబిడ్డల్ని ప్రాణంగా చూసుకున్నవాడు. చివర్లో ఒక వాక్యం ఉంది: 'జాలవంక వంతెన దగ్గర తాను చేసిన తప్పుకు పశ్చాత్తాపపడి, శాంతితో నిద్రించాడు.'

ఆ తప్పేమిటో చెప్తాను. ముప్పై ఏళ్ల కిందటి మాట. నాకు పన్నెండేళ్లు. మా నాయన ఏ పనికి పోయినా ఇంటిల్లిపాదినీ వెంట తీసుకుపోయేవాడు. వంక గట్టునే గుడారం, అక్కడే పొయ్యి. అందుకే నా చదువు ఏ ఊరి బడిలోనూ నిలవలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. కానీ సాయంత్రం పని దిగగానే ఆయన సున్నానికి కాలిన చేతులకు ఆముదం రాసుకుని, గుడారం ముందు కూర్చుని మా చెల్లెలు ఏసుమణికి జడ వేసేవాడు. మేస్త్రీ బసవన్న అది చూసి ఊరుకునేవాడు కాదు.

"ఏం ఇంజినీరప్పా, జడలేసే పని గూడా సర్కారోళ్లే ఇచ్చినారా?"

"ఈ పనికి పై ఆఫీసరు ఈమె, బసవన్నా. వంకర పోయిందంటే మళ్లా ఇప్పిచ్చి ఏపిస్తాది."

ఆ ఏసుమణికే విషజ్వరం వచ్చింది. అమ్మా నాయనా దాన్ని బండిలో వేసుకుని మిషను ఆసుపత్రికి పోయారు. సెలవు చీటీ రాసే తీరిక ఎక్కడిది? తిరిగి వచ్చేసరికి వారం దాటింది. ఆలోగా కంట్రాక్టరు వెంకటేశ్వర్లు వంతెనకు మూడో స్తంభం లేపించాడు.

రాళ్లు అతకడానికి గానుగలో నూరిన సున్నాన్ని మా నాయన ముద్ద చేసి నీళ్ల ముంతలో వేసేవాడు. మూడు రోజులైనా కరగకుండా గట్టిపడితేనే ఆ సున్నం వాడనిచ్చేవాడు. ఆ వారం ముంత చూసే మనిషి లేడు. సున్నంలో సగానికి సగం చేలో మన్ను కలిసింది.

నాయన వచ్చి స్తంభాన్ని గోటితో గీకాడు. పొడి రాలింది. పై ఆఫీసుకు రాసి జవాబు కోసం కూర్చుంటే ఈలోగా వానలు పడతాయి. గడ్డపార తీసుకుని మొదటి రాయి తానే ఊడబెరికాడు. బసవన్న రెండో రాయికి చెయ్యి వేశాడు. రెండు రోజుల్లో స్తంభం నేలమట్టమైంది.

చెప్పకుండా పని వదిలిపోయాడనీ, సర్కారు కట్టడాన్ని పడగొట్టాడనీ ఉద్యోగం తీసేశారు. ఊరంతా చూసింది గనక, ఆయన తర్వాత వచ్చినవాడు మంచి సున్నంతో కట్టించక తప్పలేదు. ఆ ఏడే వంక గట్లు తెంచుకుని పారింది. వంతెన కదల్లేదు. మా నాయన మాత్రం ఊళ్లలో ఇళ్లు కట్టే మేస్త్రీ అయ్యాడు. నేను రాళ్లు మోసేవాణ్ణయ్యాను.

ఇప్పుడా వెంకటేశ్వర్లు చర్చి పైకప్పుకు దూలాలు ఊరికే ఇస్తానన్నాడు. చర్చి బాగుచేసే కంట్రాక్టు కూడా ఆయనదే. అందులో గోడలు కట్టేది నేను.

"ఈ తప్పు అనే మాట యాడిది అయ్యగారూ?" అని అడిగాను.

"పెద్దమనిషి వస్తాండాడు లేవీ. పోయినాయన లేసొచ్చి అడుగుతాడా? చదివి కూసో."

ఏసుమణి పక్కనే ఉంది. దానికిప్పుడు ముగ్గురు బిడ్డలు.

"చదువన్నా. నన్ను ఆస్పత్రికి ఎత్తుకోని పోయినందుకు నాయన పశ్చాత్తాపపడినాడని, నా మొగం జూసి చదువు."

కూటంలో వెంకటేశ్వర్లు ముందు బల్ల మీద కూర్చున్నాడు. నేను చివరి వాక్యానికి ముందు దాకా చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఇంకో మాట రాసుండాది గానీ అది అబద్ధం. మా నాయన పశ్చాత్తాపపడలేదు. బిడ్డ బతికినందుకూ పడలేదు, స్తంభం పడగొట్టినందుకూ పడలేదు. ఆ స్తంభంలో ఏముండెనో చెప్తా, ఇనండి."

వెంకటేశ్వర్లు చేతికర్ర నేలకు కొట్టాడు. "రేపట్నుంచి పనికి రావాకురా."

"రాను. నీ సున్నం జూస్తే నా చెయ్యి గూడా ఊరుకోదు."

వెనక బల్లల్లో ఎవరో నవ్వారు. అయ్యగారు గాభరాగా లేచి పాట ఎత్తుకున్నాడు. ఏడు చరణాల పాట. జనమంతా లేచి అందుకున్నారు. నేను చదివిన చోటే నిలబడ్డాను. ఏసుమణి లేవలేదు, పాడలేదు. నాలుగో చరణంలో వెంకటేశ్వర్లు బయటికి నడిచాడు. అయ్యగారి గొంతు అక్కడ కొంచెం తప్పింది. అయినా ఏడూ పాడించి, దీవెన చెప్పడానికి చేతులెత్తాడు.

"కూసోండప్పా," అన్నాను. "నేనింకా మూడో స్తంభం కాడనే ఉండా."

మొదట ఆడవాళ్లు కూర్చున్నారు.