బూటు మరకలు

మూడో తరగతి టీచరమ్మకు మతాల పాఠమంటే మహా ఇష్టం. కాథలిక్ బడిలో వేరే మతాల గురించి చెప్పడమేమిటని కొందరు తల్లిదండ్రులు గొణిగారు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారు మాత్రం, గౌరవంగా చెప్పండి, అంతే చాలన్నారు. గౌరవానికి నా దగ్గర కరువేముందిలే అనుకుంది టీచరమ్మ.

ఆ తరగతిలో ముస్లిం పిల్ల ఒక్కతే. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది. ఇంటి నుంచి నమాజు చాప తెస్తావా అని టీచరమ్మ అడిగేసరికి పొంగిపోయింది. వాళ్ల నానమ్మ తన చాపనే మడతపెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇచ్చి పంపింది.

పాఠం బాగానే మొదలైంది. చాప ఎటు పరుస్తారో, నుదురు ఎక్కడ ఆనిస్తారో పిల్ల సన్నని గొంతుతో చెప్పింది. అంతటితో ఆపితే సరిపోయేది. ఉత్సాహం పట్టలేక టీచరమ్మ, మీరూ వచ్చి చేసి చూడండర్రా అంది. ఇక చూడాలి, పిల్లలు బెల్లానికి ఈగల్లా ముసిరారు. ఒకడు వంగినవాడు వంగినట్టే పిల్లిమొగ్గ వేశాడు. తరగతంతా గొల్లుమంది. టీచరమ్మకూ నవ్వాగలేదు. ఆ పిల్ల కూడా నవ్వింది, అందరికన్నా గట్టిగా.

బెల్లు కొట్టాక స్టాఫ్ రూముకు వెళ్తూ టీచరమ్మ కుళాయి దగ్గర ఆ పిల్లను చూసింది. చేతిరుమాలు తడిపి చాపను రుద్దుతోంది. చాప నిండా బూటు మరకలు. నుదురు ఆనించే చోట ఎవరిదో మడమ అచ్చు దిగి ఉంది. బూట్లు విప్పమనాలన్న ఆలోచనే తనకు రాలేదు. ఇలా ఇవ్వమ్మా, నేను ఉతికిస్తానంటే, పర్లేదు టీచర్ అంటూ పిల్ల చాపను గుండెకు హత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రానికి గానీ వాళ్లింటికి వెళ్లే ధైర్యం చాలలేదు. నానమ్మ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తనే ముందు మొదలుపెట్టింది.

"ఏమనుకోకండి టీచరమ్మా. మీరు నమ్మి తెమ్మంటే, మా పిల్ల ఆటల్లో పడి చాపను బూట్లతో తొక్కిందట. తనే ఒప్పుకుంది. రెండు తగిలించాను. నిన్నటి నుంచి దాంతో మాట్లాడటం లేదు."

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. తలుపు చాటు నుంచి పిల్ల, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఊరుకుంటే పోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"తొక్కింది తను కాదమ్మా. అందరిచేతా తొక్కించింది నేను. వాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వాను."

నానమ్మ తలుపు వైపు తిరిగి పిల్లను చూసింది.

"నాకు చెప్పి ఏం లాభం? దెబ్బలు తిన్నది అది" అంది, గొంతు పెంచకుండానే. "నాచేత కూడా తప్పు చేయించారు మీరు."

పిల్లను దగ్గరికి లాక్కుని, ఎందుకే అబద్ధమాడావని అడిగింది.

"నువ్వు మా టీచర్‌ని తిడతావని" అంది పిల్ల.

ఆ గడప ఎలా దాటిందో టీచరమ్మకే తెలియలేదు.

మర్నాడు తరగతిలో నిలబడి, తను నవ్విన సంగతితో సహా జరిగిందంతా చెప్పింది. పిల్లిమొగ్గ వేసినవాడు లేచి వెళ్లి ఆ పిల్లకు సారీ చెప్పాడు. టీచరమ్మ కూడా చెప్పింది. పిల్ల తలెత్తలేదు.

"సరే టీచర్. లెక్కలు చెప్పండి" అంది.

టీచరమ్మ బోర్డు వైపు తిరిగింది. సుద్దముక్క చేతిలోనే ఉంది గానీ, ఏ లెక్క మొదలుపెట్టాలో ఎంతకీ తోచలేదు.