ఆయుధ పూజ నాడు ఎత్తిన బరువు

నేను ఒక డంబెల్‌ని. అటో గుండు, ఇటో గుండు, మధ్యన పిడి, మొత్తం అయిదు కిలోలు. ఇనుముకి ఆశ్చర్యమేమిటని నవ్వకండి. ఈ మనుషుల మధ్య ఉంటే ఇనుమేంటి, రాయి కూడా నోరు వెళ్లబెడుతుంది.

పుట్టింది సామర్లకోట దగ్గర ఓ పోత కార్ఖానాలో. బావి గిలకలు, విరిగిన నాగలి కర్రులు, తుప్పుపట్టిన కుట్టుమిషను చక్రం, ఏది దొరికితే అది కరగబెట్టి అచ్చులో పోశారు. అక్కణ్ణించి తిన్నగా కాకినాడ, సోమయ్య పహిల్వాను గారి వ్యాయామశాలకి. రేకుల షెడ్డు, ఎర్రమట్టి గోదా, గోడకి ఆంజనేయస్వామి పటం. ఫీజన్న మాటే లేదు. శనివారం శనివారం ఓ కొబ్బరికాయ తెచ్చి కొడితే చాలు. ఎవడైనా తప్పుగా ఎత్తితే సోమయ్య గారు వెనకనించి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచేవారు. అదే ట్రైనింగు.

ఆయన పోయాక కొడుకు షెడ్డు పీకించి అద్దాలు బిగించాడు, ఏసీ పెట్టించాడు, నాకు నల్లరంగు వేయించాడు. సరే, కాలంతో పాటు మనమూ అనుకున్నాను. కానీ 'పర్సనల్ ట్రైనర్' అన్న మాట మొదటిసారి విన్న రోజు మాత్రం నాకు మతిపోయింది. జిమ్ముకి కట్టేది జిమ్ముకేనట, ఈయనకి వేరేనట! ఇంతకీ ఈయన చేసే పనేంటయ్యా అంటే, పక్కన నిలబడి 'వన్, టూ, త్రీ' అనడం. అయ్య బాబోయ్! ఒకటో తరగతి పిల్లలు ఊరికే చదివే అంకెలకి జీతమా? సోమయ్య గారి ఆత్మ ఎక్కడుందో గానీ, వింటే గోదాలోనే గుంత తవ్వుకుని దూరుండేది.

ఆ అంకెలు చదివే మనిషి పేరు నూకరాజు. ముప్ఫై దాటినవాడు. చొక్కా చేతులు కండల మీద చిరిగిపోతాయేమో అన్నట్టుంటాయి. నోరు 'త్రీ' అంటూ ఉంటుంది, కళ్లు ఫోన్లో ఉంటాయి. ఎవరొచ్చినా ఒకటే వైద్యం: కాసేపు పరుగు మెషిను, కాసేపు నేను, ఆఖర్న కోడిగుడ్డు తెల్లసొన గురించి ఉపన్యాసం.

వినాయక చవితి వెళ్లాక ఓ పొద్దున్న వీరవేణి వచ్చింది. వెనక వీధిలో జాకెట్లు కుడుతుంది. నలభై నాలుగో, నలభై అయిదో ఉంటాయి. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి, నూలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గుమ్మంలో నిలబడింది. జిమ్మంతా ఆగిపోయింది. పరుగు మెషిను మీద కుర్రాడు తిరిగి చూడబోయి కాలు జారి కిందపడ్డాడు.

"పర్సనల్‌గా నేర్పుతారట కదా. నేర్పండి," అంది. మోటారు మిషను కొనుక్కుందామని చీటీ కట్టి దాచుకున్న డబ్బు కొంగుముడి విప్పి నెలకి సరిపడా ముందే ఇచ్చేసింది.

నా పిడి చల్లబడిపోయింది. మిషను మానుకుని కండలా? చూడబోతే ఈవిడకి ఆర్భాటం లేదు, అద్దం వైపు ఓ చూపైనా లేదు. వీధిలో వాళ్లేమన్నారో జిమ్ములోకే వినపడింది: మొగుడు మంచాన పడుంటే ఈవిడకి సోకులట! మొగుడు భద్రం, స్కూలు వ్యాను నడిపేవాడు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆ మాట విన్నాక నాకూ ఒళ్లు మండింది, దాచుకోను.

నెల గడిచింది. రోజూ వచ్చేది, నన్ను పట్టుకునేది, నూకరాజు ఫోన్లో చూస్తూ లెక్కపెట్టేవాడు. "మేడమ్, ఇంకో నెలకి పొట్ట తగ్గిపోద్ది," అనేవాడు. ఆవిడ పెదవి విప్పేది కాదు. ఆ చెయ్యి పట్టు మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. సోకుల కోసం పట్టుకునే పట్టు కాదది. నూతిలో పడ్డవాడు చేంతాడు పట్టుకున్నట్టు పట్టుకునేది.

ఇంతలో మహర్నవమి వచ్చింది. ఆయుధ పూజ! అద్దాలొచ్చినా ఏసీ వచ్చినా సోమయ్య గారి ఈ ఒక్క ఆచారం మాత్రం పోలేదు. మమ్మల్నందర్నీ కడిగి, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి పటం ముందు వరసగా పేర్చారు. పరుగు మెషిను కింద నిమ్మకాయ కూడా పెట్టారు, అదేదో బయటికి పరిగెడుతుందన్నట్టు. ఇంక విజయదశమి పొద్దున్న ఉద్వాసన చెప్పేదాకా మమ్మల్ని ఎవరూ ముట్టుకోకూడదు.

అందరూ ప్రసాదం తిని వెళ్లిపోయాక వీరవేణి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఇవాళ సెలవు మేడమ్. ఇనుము ముట్టుకోకూడదు," అన్నాడు నూకరాజు, నోట్లో పులిహోర పెట్టుకుంటూ.

"నాకు సెలవు కుదరదు బాబూ. రేపు మా ఆడపడుచు బండి కట్టించుకుని వస్తుంది."

"వస్తే?"

"మా ఆయన్ని తీసుకుపోయి ఏదో ఆశ్రమంలో చేర్పిస్తుందట. 'వాణ్ణి నువ్వొక్కదానివీ లేపి కుర్చీలో కూచోబెట్టు, వాడు నీ దగ్గరే ఉంటాడు. లేకపోతే ఇంకోసారి పడేసి చంపుతావు' అంది. నిజమే, ఓసారి నా చేతుల్లోంచి జారి పడిపోయారు. అప్పట్నించీ ఆయన నీళ్లు తాగడం మానేశారు. తాగితే బాత్రూముకి లేపాలి కదా, నాకు కష్టమవుద్దని. నోరు ఎండి పెదాలు పగిలిపోతున్నా, దాహం లేదే అంటారు."

నూకరాజు చేతిలో పులిహోర చేతిలోనే ఉండిపోయింది. నాకు బొట్టు పెట్టిన చోటల్లా మంట పెట్టినట్టయింది. ఓరి దేవుడా! నెల్లాళ్లుగా నేనేమనుకున్నాను ఈ మనిషిని?

"మనిషిని పెట్టుకోవచ్చు కదా మేడమ్, ఆ డబ్బుతో?" అన్నాడు వాడు, మెల్లిగా.

"పెట్టుకున్నా. రెండు రోజులొచ్చాడు, మూడోనాడు రాలేదు. రాని రోజున మా ఆయన ఎవరికోసం చూడాలి? ఆ బలమేదో నాకే ఉంటే పోదా అని నీకిచ్చాను. నువ్వేం చేశావు? నెల్లాళ్లు డబ్బు తీసుకుని, 'ఎందుకొచ్చావమ్మా' అని ఒక్క మాట అడిగావా?"

"మీరు చెప్పలేదు కదండీ..."

"మొగుణ్ణి లేపలేకపోతున్నానని ఊరంతటికీ చాటింపు వేసుకోమంటావా? అడిగితే చెప్పేదాన్ని."

వాడి మెడ వాలిపోయింది. తర్వాత చేసిన పని చూసి, ఇన్నేళ్లలో ఎన్ని చూశానో గానీ, నేను నిజంగా కొయ్యబారిపోయాను. చెయ్యి కడుక్కుని, ఫోను తీసి దూరంగా పెట్టి, బల్ల మీద ఓ పక్కకి ఒరిగి చతికిలబడ్డాడు. ఎడమ చెయ్యి వేలాడేశాడు. ఎడమ కాలు చచ్చుబడినట్టు వదిలేశాడు.

"ఇనుమునే కదా ముట్టుకోకూడదు. నేను ఇనుము కాదుగా అక్కా. లేపండి నన్ను."

'మేడమ్' పోయి 'అక్కా' వచ్చిందని ఆవిడ గమనించిందో లేదో. చంకల్లో చేతులు పెట్టి లాగింది. వాడు బస్తాలా జారి దబ్బున కిందపడ్డాడు. ఇన్నాళ్లూ జనం చేత బరువులు ఎత్తించినవాడు తానే బరువై నేల మీద పడ్డాడు!

"నడుంతో లాగుతున్నారు. అందుకే జారిపోతున్నాడు మనిషి. మళ్లీ," అన్నాడు లేచి కూర్చుంటూ.

మళ్లీ పడ్డాడు. మోచెయ్యి కొట్టుకుంది. మళ్లీ. "దగ్గిరికి రండి. మీ మోకాళ్లు నా మోకాలికి అడ్డం పెట్టండి. సిగ్గుపడకండి, మీ తమ్ముణ్ణనుకోండి. చెయ్యి పట్టుకుని కాదు, నడుం పట్టుకుని. కాళ్లతో లేవండి, నన్ను మీ మీదికి వాల్చుకోండి. ఇప్పుడు తిరగండి." వాడు అంకెలు చదవడం లేదు, వినండి. ఒక్కొక్క కీలూ చదువుతున్నాడు. ఇద్దరికీ చెమటలు. సాయంకాలానికి ఆవిడ వాణ్ణి బల్ల మీంచి లేపి, తిప్పి, కుర్చీలో పెట్టింది. పడెయ్యలేదు, పెట్టింది.

"ఎక్కణ్ణించొచ్చింది ఈ బలం? నువ్వు నేర్పిన ఆ డంబెల్‌వల్లేనా?" అంది ఆవిడ ఆయాసపడుతూ, కొంచెం నవ్వుతూ.

"కొంత దానివల్లే అక్కా. మిగతాది మొదటి రోజే నేర్పాల్సింది," అన్నాడు వాడు, మోచెయ్యి రుద్దుకుంటూ. నన్ను కూడా లెక్కలో వేశాడు, పుణ్యాత్ముడు.

మర్నాడు విజయదశమి. ఉద్వాసన చెప్పాక, పూజలోంచి తీసిన పనిముట్టుతో ఆ రోజు కాస్తయినా పని చెయ్యాలి. అదీ ఆచారం. నూకరాజు ఓనరుకి చెప్పి, మా అందర్లోనూ నన్నే తీసి సంచిలో వేసుకుని వీరవేణి ఇంటికి పట్టుకెళ్లాడు. "బావగారి కుడిచేతికి పనికొస్తుందక్కా," అని గుమ్మం పక్కన పెట్టాడు. నేను అక్కణ్ణించే అంతా చూశాను.

మంగతాయారు అప్పటికే వచ్చి కూర్చుంది. భద్రానికి అక్కగారు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వీధిలో బండి ఆగి ఉంది. మంచం మీద భద్రం పైకప్పు చూస్తూ పడుకున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. "వెళ్లిపోతానే వేణీ. నీకూ సుఖం," అంటున్నాడు. ఆ పెదాలు చూడలేకపోయాను.

వీరవేణి గుడ్డ పట్టీ ఒకటి తెచ్చింది. మిషనూ కత్తెరా నిన్నంతా పూజలోనే ఉన్నాయి కదా, చేత్తో చింపి, సూదితో కుట్టింది. అటూ ఇటూ పట్టుకోడానికి గుడ్డ పిడులున్నాయి. దాన్ని ఆయన నడుముకి చుట్టి, ఆయన్ని మంచం అంచుకి జరిపింది. నూకరాజు సాయానికి ముందుకి రాబోతే, "నువ్వక్కడే ఉండు తమ్ముడూ," అంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వాడి మెడ నరాలు పొంగడం నాకు కనపడుతూనే ఉంది.

"పడిపోతానే," అన్నాడు భద్రం. ఒళ్లంతా బిగదీసుకుపోయాడు. బిగుసుకున్న మనిషి లేవడు. అంతా అయిపోయిందనుకున్నాను.

"పడితే ఇద్దరం పడదాం. లెక్కపెట్టు," అంది వీరవేణి, ఆయన చెవి దగ్గర.

ఆయన ఆవిణ్ణి చూశాడు. "ఒకటి," అన్నాడు. "రె...ండు." మూడు సగమే వచ్చింది. ఆవిడ కాళ్లతో లేచింది. ఆయన ఆవిడ భుజం మీదికి వాలాడు. తిరిగింది. కుర్చీ కిర్రుమంది. భద్రం కుర్చీలో నిటారుగా ఉన్నాడు!

మంగతాయారు కొంగుతో కళ్లు గట్టిగా తుడుచుకుని, "ఒరేయ్, ఆ బండివాణ్ణి పొమ్మనండ్రా!" అని వీధిలోకి అరిచింది.

నూకరాజు గుమ్మం దగ్గరికొచ్చి, "వచ్చే నెల వస్తారా అక్కా?" అన్నాడు, అలవాటుకొద్దీ.

"ఇంకెందుకు తమ్ముడూ? నేను కొన్నది నాకు ఇచ్చేశావు కదా," అంది. పాపం, వాడు ఓ బేరం పోగొట్టుకున్నాడు. అంత సంతోషంగా బేరం పోగొట్టుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాను. పొద్దున్నపూట భద్రం కుడిచేతిలో, మిగతా వేళంతా గాలికి కొట్టుకోకుండా తలుపుకి అడ్డంగా. ట్రైనరుకి అంత డబ్బు పెట్టడం దండగా, కాదా అని మీరెవరైనా అడిగితే, నేను జవాబు చెప్పను. ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక భద్రం అన్న మొదటి మాట చెబుతాను.

"వేణీ, దాహమేస్తోందే. ఆ చెంబు ఇలా తే."