ఏకగ్రీవం

ఆ ఊళ్లో ఓటంటే కాగితం కాదు. నచ్చినవాడి వెనక నలుగురూ చూస్తుండగా వెళ్లి నిలబడాలి. ఎవడి వెనక ఎక్కువమంది ఉంటే వాడే ఊరి చైర్మన్.

ముసలి కాముహండా అందరికంటే ముందే వచ్చి, పోటీకి దిగిన బగుమా వెనక నిలబడ్డాడు.

ఊరి నెత్తిమీద కొండ బీటవారింది. మొన్నటిదాకా చెయ్యి దూరేది, ఈ వారం మోచెయ్యి దూరుతోంది. వానలు ముదరకముందే కింది ఇళ్లవాళ్లను లేపి అవతలి గట్టుకు తోలాలి. గద్దించి చెప్పే మనిషి కావాలి. ఇప్పటి చైర్మన్ బితారబెహోని అడిగితే, "పైనుంచి ఆదేశం రానీ" అన్నాడు. మూడేళ్లలో మూడు పార్టీల చొక్కాలు తొడిగినవాడికి తన పైన ఎవరున్నారో తనకే తెలియదు.

ఆ ఊళ్లో జబ్బు చేసినవాళ్లను ఇంటికొక మగాడు వచ్చి డోలీలో ఆస్పత్రికి మోయాలి. కాముహండా భార్యను మోసిన రోజున బితారబెహో సారాకొట్లో నక్కాడు. బగుమా డోలీ ముందు కర్రకు భుజమిచ్చాడు. దారిలో ఆమె ఊపిరి ఆగినా డోలీ దించలేదు. అందుకే ఆ ముసలాడికి అతని మీద గురి.

ముందు రోజు బితారబెహో ఇంటింటికీ ఉప్పు, సబ్బు పంచాడు. అటు జనం పెరిగేకొద్దీ ఇటువాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

"ఎక్కడికి రా, కటో?" జారుకునేవాణ్ణి ఒకణ్ణి కాముహండా ఆపాడు.

"ఉప్పు తిన్నాం పెద్దాయనా. తిన్నవాడు నీళ్లు తాగొద్దూ?"

"తాగుతావులే. బురదనీళ్లు."

బగుమా వెనక్కి తిరిగి చూశాడు. కాముహండా ఒక్కడే మిగిలాడు.

"ఇటు రా బగుమా తమ్ముడూ! నిన్ను ఉపాధ్యక్షుణ్ణి చేస్తా!" అని బితారబెహో కేకేశాడు.

బగుమా తల దించుకున్నాడు. "నాకు పిల్లలున్నారు, పెద్దాయనా."

"వాళ్లు పడుకునేది ఆ బీట కిందే కదరా!"

బగుమా బితారబెహో వైపు నడిచాడు.

ఎన్నిక జరిపించడానికొచ్చిన అధికారి పుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాసుకున్నాడు.

"ఎలాగయ్యా? నేనింకా ఇక్కడే నిలబడి ఉన్నాగా?"

"ఎవరి వెనక, తాతా? నీ ముందు మనిషేడీ?"

జనం గొల్లున నవ్వారు. బగుమా కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక కాముహండాకు అక్కడ పనేం లేకపోయింది. భార్యను మోసిన భుజమని ఇన్నాళ్లూ ఆ మనిషికి దణ్ణం పెట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటికెళ్లి దుప్పటి మూటగట్టి, రెండు మేకలను విప్పుకుని, అవతలి గట్టు మీదున్న చెల్లెలి ఇంటికి బయల్దేరాడు. చినుకులు మొదలయ్యాయి. వాగు దగ్గర వెనక అడుగుల చప్పుడైంది. బగుమా పెళ్లాం. వీపున ఒక బిడ్డ, చేతికి ఒక బిడ్డ, నెత్తిన చాప.

"మీ ఆయనకి చెప్పొచ్చావా?"

"చెప్పబోయాను. చైర్మన్ గెలిచాడని ఆయనే అందరికీ జొన్నకల్లు పోస్తున్నాడు. వినే తీరికెక్కడిది?"

కాముహండా పెద్దపిల్లను భుజానికెత్తుకున్నాడు.

"నడు. వాగు పెరుగుతోంది."